హాంకాంగ్ బేసిక్ లా రచనలో బ్రిటన్ మాటకు ఎంత విలువ?

ప్రశ్న: నేను ఎల్‌ఎల్‌బీ చదువుతున్నాను. 1984 ఒప్పందం ప్రకారం 1997లో హాంకాంగ్‌ను చైనాకు అప్పగించిన బ్రిటన్‌కు, అక్కడి రాజ్యాంగం లాంటి బేసిక్ లా రచనలో పాలుపంచుకునే హక్కు ఉండేదా? ఇప్పుడు ఆ ఒప్పందాన్ని చైనా ఉల్లంఘిస్తే బ్రిటన్ కోర్టుకు వెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: రచనలో హక్కు లేదు. 1985లో చైనా నియమించిన ముసాయిదా సంఘంలో 59 మంది సభ్యులు. వారిలో 23 మంది హాంకాంగ్ వారు, మిగతావారు చైనా ప్రధాన భూభాగం వారు. బ్రిటన్ ప్రభుత్వానికి అందులో చోటే లేదు. రెండు దేశాల సంయుక్త సంప్రదింపుల బృందం ఉండేది కదా అంటారేమో. అది మాట్లాడుకోవడానికే తప్ప అధికారం చెలాయించడానికి కాదని ఒప్పందం రెండో అనుబంధమే తేల్చేసింది.

అయినా బ్రిటన్ మాట చెల్లింది, ఆ సంఘం పుట్టకముందే. ఒప్పందం మూడో పేరా చదివితే చైనా తన విధానాలను తానే ప్రకటించుకుంటున్నట్టు ఉంటుంది. న్యాయవ్యవస్థ, కరెన్సీ, పౌర హక్కుల గురించి మొదటి అనుబంధం వివరంగా చెబుతుంది. వీటిని బేసిక్ లాలో పొందుపరుస్తామని, 50 ఏళ్లు మార్చబోమని చైనా అక్కడే రాసిచ్చింది. ఇది ఒకరి ఏకపక్ష ప్రకటనే కదా అనుకునేవారు ఏడో పేరా చూడాలి. పై ప్రకటనలను, అనుబంధాలను అమలు చేస్తామని అందులో రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి. చట్టపరంగా ముడి పడింది అక్కడే.

రెండోసారి చెల్లింది లేఖల ద్వారా. 1989లో బీజింగ్ తియానాన్మెన్ కూడలిలో నిరసనకారులను సైన్యం అణచివేసిన తర్వాత, 1990 తొలి రెండు నెలల్లో బ్రిటన్, చైనా విదేశాంగ మంత్రులు డగ్లస్ హర్డ్, చియెన్ చీచెన్ ఉత్తరాలు రాసుకున్నారు. బేరం సూటిగానే ఉంది: 1997లో శాసనసభలో 20 స్థానాలకు ప్రత్యక్ష ఎన్నిక ఉంటుందని బేసిక్ లాలో రాస్తే, 1991 ఎన్నికల్లో తాము 18తో సరిపెట్టుకుంటామని బ్రిటన్ చెప్పింది. 1990 ఏప్రిల్ 4న బేసిక్ లా ఆమోదం పొందింది, 20 స్థానాలతోనే. 1992లో హాంకాంగ్‌లోని బ్రిటిష్ గవర్నర్ క్రిస్ పాటెన్ ఎన్నికల సంస్కరణలు ప్రతిపాదించగానే, అవి ఆ లేఖలకు విరుద్ధమని చైనా మండిపడింది. లేఖల్లో స్థానాల సంఖ్యకు మించి అంగీకారం కుదరలేదన్నది బ్రిటన్ వాదన. నా అభిప్రాయంలో సంఖ్యల వరకు ఆ లేఖలకు కట్టుబాటు ఉంది. ఎన్నికల పద్ధతి వరకు దాన్ని సాగదీయడం కష్టం.

ఇక కోర్టు సంగతి. ఒప్పందంలో వివాద పరిష్కార నిబంధనే లేదు. అంతర్జాతీయ న్యాయస్థానం నిర్బంధ పరిధిని, అంటే మరో దేశం దావా వేస్తే తప్పక ఆ కోర్టుకు లోబడాలన్న షరతును, చైనా అంగీకరించలేదు. 1985లో ఐక్యరాజ్యసమితిలో నమోదు చేశారు కదా అని చాలామంది అంటారు. నమోదు వల్ల ఐరాస సంస్థల ముందు ఒప్పందాన్ని ఉదహరించవచ్చు, అంతే. ప్రతివాదిని బోనెక్కించే అధికారం దాంతో రాదు. హాంకాంగ్ కోర్టుల్లో తేల్చుకుందామన్నా, 158వ అధికరణం ప్రకారం బేసిక్ లాకు అర్థం చెప్పే అంతిమ అధికారం బీజింగ్‌లోని జాతీయ ప్రజా కాంగ్రెస్ స్థాయీ సంఘానిది. ఒప్పందం చరిత్ర పత్రమైపోయిందని 2017లో చైనా విదేశాంగ శాఖ అంది. ఒక పక్షం అలా అన్నంత మాత్రాన ఒప్పందం రద్దు కాదు. కానీ ఆ మాట తప్పని తీర్పు చెప్పే వేదిక లేదు కాబట్టి బ్రిటన్‌కు మిగిలింది దౌత్య నిరసన, ఆరు నెలలకోసారి తన పార్లమెంటుకు సమర్పించే నివేదిక.