కట్టెల పొయ్యి మీద సంపాదన.. బీమా లేకుండా అప్పెందుకు?

ప్రశ్న: మాది బోడుప్పల్. సొంతిల్లే, హోమ్‌లోన్ ఈఎంఐ నెలకు 17,500 రూపాయలు. మా ఆయన జీతం 42,000. ఇంటి ఖర్చులు, ఇద్దరు పిల్లల ఫీజులు కలిపి 28,000 అవుతుంది. రెండేళ్లుగా నేనూ మా అత్తమ్మా ఇంటి వెనకాల కట్టెల పొయ్యి మీద నాటుకోడి కూర, మటన్, బగారా అన్నం వండి ఆర్డర్ల మీద ఇస్తున్నాం. ఖర్చులు పోను నెలకు 24,000 దాకా మిగులుతోంది. ఇద్దరు ఆడవాళ్లు సాయానికి వస్తారు. ఆర్డర్లు పెరిగాయి కాబట్టి డాబా మీద షెడ్డు వేసి నాలుగు పొయ్యిలు పెట్టాలనుకుంటున్నాం. మూడున్నర లక్షలు కావాలి. పర్సనల్ లోన్ 15 శాతానికి మూడేళ్లకు ఇస్తామంటున్నారు. ఆరు తులాల బంగారం ఉంది, అది కుదువ పెట్టడం మేలా? దసరా ఆర్డర్లకు సరుకు కొనడానికి ఒక యాప్‌లో 60,000 వెంటనే వస్తుందట, తీసుకోవచ్చా? ఎఫ్‌డీ 40,000 ఉంది. చిట్టీ నెలకు 5,000 కడుతున్నాం. పోయిన నెల బూడిద పోసిన ప్లాస్టిక్ బకెట్ అంటుకుని టార్పాలిన్, వాషింగ్ మెషీన్, ఇన్వర్టర్ కాలిపోయాయి. 38,000 ఖర్చయింది, క్రెడిట్ కార్డు మీద ఏడాది ఈఎంఐ పెట్టాం. లోన్‌తో పాటు బ్యాంకు ఇచ్చిన ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి ఇంటి గురించి భయం లేదు. ఏ అప్పు తీసుకోవాలో చెప్పండి. - ఒక పాఠకురాలు

జవాబు: ఏ అప్పూ వద్దు. ఇప్పుడైతే వద్దు. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది మూడున్నర లక్షల లెక్క కాదు, చివర్లో ఇంటి గురించి భయం లేదని రాశారే, ఆ వాక్యం. ఇన్సూరెన్స్ ఉంటే కాలిపోయిన వస్తువుల 38,000 క్రెడిట్ కార్డు మీదకు ఎందుకు వెళ్లింది? క్లెయిమ్ చేద్దామన్న ఆలోచన కూడా రాలేదంటే ఆ పాలసీలో ఏముందో మీ ఇంట్లో ఎవరూ చదవలేదన్నమాట. ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. ఇంట్లోనే పచ్చళ్లు, పిండివంటలు, కర్రీ పాయింట్ నడిపే కుటుంబాల్లో చాలామంది ఇదే నమ్మకంతో ఉంటున్నారు. అందుకే ఈ వారం మీ ప్రశ్న తీసుకున్నాను.

ఈ రోజే బీరువాలోంచి ఆ పాలసీ కాగితం తీయండి. హోమ్‌లోన్‌తో పాటు అంటగట్టేది చాలాసార్లు లోన్ తీసుకున్న మనిషికి చేసే జీవిత బీమా. మీ ఆయనకు ఏదైనా అయితే అది లోన్ తీరుస్తుంది. ఇల్లు కాలితే పైసా ఇవ్వదు. ఒకవేళ అది నిజంగా అగ్నిప్రమాద పాలసీయే అయినా, ఇంటి పాలసీ ఆ ఇంట్లో మీరు కాపురం ఉంటున్నారన్న లెక్క మీద ఇచ్చేది. రోజూ బయటివాళ్లకు వండి అమ్ముతున్నామని మీరు చెప్పలేదు. రేపు నష్టం లెక్కించడానికి బీమా కంపెనీ పంపే సర్వేయర్ వచ్చి పెద్ద డేగిసాలు, కట్టెల గుట్ట, ఆర్డర్ల పుస్తకం చూస్తే మొదట అడిగేది దాని గురించే. చెప్పకుండా ఇంటి వాడకం మార్చినందుకు క్లెయిమ్ తిప్పికొట్టే అవకాశం మీరే బీమా కంపెనీకి ఇచ్చినట్టు అవుతుంది. ఇల్లు పోయినా ఈఎంఐ పోదు.

ఇప్పుడు అంకెలు చూడండి. మూడున్నర లక్షలు, 15 శాతం, మూడేళ్లు. ఈఎంఐ 12,100 దాటుతుంది. హోమ్‌లోన్ 17,500, ఇంటి ఖర్చు 28,000, చిట్టీ 5,000, కార్డు ఈఎంఐ సుమారు 3,500. అన్నీ కలిపితే 66,000. మీ ఇద్దరి సంపాదనా కలిపి అంతే. అంటే ఒక్క రూపాయి కూడా మిగలకుండా బడ్జెట్ కట్టారు. అదీ నెలంతా పొయ్యి వెలిగితేనే. అత్తమ్మకు జ్వరమొచ్చినా, శ్రావణ మాసంలో మాంసం ఆర్డర్లు పడిపోయినా, మళ్లీ ఒక బకెట్ అంటుకున్నా 42,000 జీతం మీద 66,000 ఖర్చు నడవాలి. అప్పుడు మళ్లీ యాప్ దగ్గరికే వెళ్తారు.

యాప్ సంగతి ముందే తేల్చేస్తాను. తీసుకోవద్దు. చేతికొచ్చే ముందే ప్రాసెసింగ్ చార్జీలని కోస్తారు, నెలల్లో తిరిగి కట్టమంటారు, ఆలస్యమైతే మీ ఫోన్‌లోని నంబర్లకు ఫోన్లు వెళ్లిన కథలు హైదరాబాద్‌లో పోలీస్ స్టేషన్ల దాకా వచ్చాయి. అసలు దసరాకు 60,000 సరుకు ఎందుకు? కోళ్లు, మటన్ ఆ రోజు తెల్లవారుజామున కొనేవే కదా. బియ్యం, నూనె, మసాలాలకు అంత కాదు. ఆర్డర్ తీసుకునేటప్పుడే సగం అడ్వాన్స్ అడగండి. హైదరాబాద్‌లో పెళ్లి వంటవాళ్లు ఎవరూ అడ్వాన్స్ లేకుండా గరిటె పట్టరు. మీకెందుకు మొహమాటం?

మీరు ముందుగా కొనాల్సింది బీమా. 2021 ఏప్రిల్ 1 నుంచి చిన్న వ్యాపారాల కోసం అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఒకే నిబంధనలతో అమ్ముతున్న ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ ఉంది. ఒక చోట ఆస్తి విలువ 5 కోట్ల లోపు ఉన్నవాళ్లకు అది. షెడ్డు, పాత్రలు, ఫ్రిజ్, సరుకు అన్నీ అందులో చేర్చవచ్చు. ఇంటికి విడిగా ‘భారత్ గృహ రక్ష’ తీసుకోండి. ఇంటి పాలసీ ప్రపోజల్‌లోనే, ఇంటి ఆవరణలో కట్టెల పొయ్యి మీద వంట వ్యాపారం చేస్తున్నామని రాసి ఇవ్వండి, ఏ పాలసీలో ఏది వస్తుందో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఏజెంటు ‘అదంతా రాయొద్దు మేడం, ప్రీమియం పెరుగుతుంది’ అంటే ఆ ఏజెంటును మార్చండి. మీ స్థాయి వ్యాపారానికి ఏడాది ప్రీమియం మీరు కట్టే చిట్టీతో పోలిస్తే చిన్న మొత్తమే.

రెండు విషయాల్లో చాలామంది దెబ్బతింటారు. ఒకటి, విలువ తగ్గించి రాయడం. నాలుగు లక్షల ఆస్తికి రెండు లక్షలే రాయిస్తే, లక్ష నష్టానికి సగమే చేతికొస్తుంది. సూక్ష్మ పాలసీలో 15 శాతం తేడా వరకే ఊరుకుంటారు. రెండోది కప్పు. టార్పాలిన్, ప్లాస్టిక్ గుడ్డ, వెదురు, తాటాకు కప్పును బీమా కాగితాల్లో కచ్చా నిర్మాణం అంటారు. మీ వెనకాల ఉన్నది అదే. అది చెప్పకుండా పాలసీ తీసుకోవడం డబ్బు దండగ. ముందు ఆ టార్పాలిన్ పీకి రేకులు వేయించండి. దీనికి మూడున్నర లక్షలు అక్కర్లేదు.

పొయ్యి గురించి ఆర్థిక సలహాదారు మాట్లాడటమేమిటని అనుకోవద్దు. నెలకు 24,000 తెచ్చే ఆస్తి అది. దాన్ని ఎలా ఉంచుతారన్నది మీ ఆర్థిక ప్రణాళికలో భాగమే. పోయిన నెల జరిగింది దురదృష్టం కాదు, ఆపగలిగిన ప్రమాదం. నివురుగప్పిన నిప్పు పైకి చల్లగా కనిపించినా లోపల మూడు నాలుగు రోజుల దాకా రగులుతూనే ఉండగలదు. బూడిదను మూత ఉన్న ఇనుప డబ్బాలోనే ఎత్తాలి, నీళ్లు చల్లి కలపాలి, గోడకూ కట్టెలకూ దూరంగా నేల మీద ఉంచాలి. ప్లాస్టిక్ బకెట్, గోనెసంచి, చెత్తబుట్ట ఈ మూడూ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. చెత్తబండి వాళ్లకు వేడి బూడిద ఇవ్వడం ఇంకా ఘోరం.

కట్టెలు కూడా డబ్బు లెక్కే. అడితిలో చవకగా ఇస్తున్నారని పచ్చి కట్టెలు కొంటే వేడిలో కొంత భాగం వాటిలోని నీళ్లు ఆరడానికే పోతుంది. పైగా పొగ ఎక్కువై గొట్టంలో తారులా జిగురుమసి పేరుకుంటుంది. ఆ మసే ఏదో ఒక రోజు గొట్టంలోపల అంటుకుంటుంది, రేకుల దగ్గర ఉన్న వెదురు, తాడు, టార్పాలిన్ దాంతో పోతాయి. ఆరు నెలలు ఆరిన కట్టె కొనండి. రెండు ముక్కలు కొడితే ఠంగుమని మోగాలి, చివర్లలో పగుళ్లు కనిపించాలి. వానాకాలానికి ముందే కొని నేలకు తగలకుండా ఎత్తు మీద పేర్చి, పైన కప్పి పక్కల గాలి ఆడనివ్వండి. ఆ గుట్ట పొయ్యికి కనీసం మూడడుగుల అవతల ఉండాలి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, పాత ఫర్నిచర్ ముక్కలు ఎవరైనా ఊరికే ఇచ్చినా పొయ్యిలో పెట్టొద్దు. వాటి పొగ విషం, మీరు వండేది మనుషులు తినే కూర. రోజూ వండుతున్నారు కాబట్టి గొట్టాన్ని నెలకోసారి దులిపించండి.

వానొస్తే నాలుగు వైపులా పరదాలు దించేసి వండుతున్నారా? అది వెంటనే మానేయండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, కళ్లు తిరగడం తప్ప ముందస్తు హెచ్చరిక ఉండదు. చలికాలం నిప్పుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు మూసి పడుకున్నవాళ్లు లేవకపోవడం ఈ వాయువు వల్లే. రెండు వైపులైనా పూర్తిగా తెరిచి ఉండాలి. గ్యాస్ సిలిండర్ ఆ షెడ్డులో ఉండకూడదు. మంట రాజేయడానికి కిరోసిన్, పెట్రోల్ చల్లే అలవాటు ఉంటే ఇవాళ్టితో ఆపేయాలి. ఏబీసీ రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి, ఇసుక బకెట్లు రెండు అందుబాటులో పెట్టండి. కాగిన నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మంట తీసేసి పళ్లెం మూసేయాలి. ఈ మాట సాయానికి వచ్చే ఇద్దరికీ చెప్పండి. నీళ్లు పోసేది వాళ్లే. పాలిస్టర్ చీరలు, వేలాడే చున్నీలతో పొయ్యి దగ్గరికి రావద్దనీ చెప్పండి. ఒళ్లు కాలితే ఇరవై నిమిషాలు పారే చల్లటి నీళ్ల కింద పెట్టాలి. పసుపు, టూత్‌పేస్ట్ రాయకూడదు. 101, 108 నంబర్లు గోడ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టండి.

ఇక మనుషుల సంగతి. మీ ఆయన కంపెనీ పాలసీలో అత్తమ్మ ఉన్నారో లేదో మీరు రాయలేదు. చాలా గ్రూప్ పాలసీల్లో తల్లిదండ్రులు ఉండరు. పొయ్యి ముందు రోజంతా కూర్చునేది ఆవిడే. ఆవిడకు విడిగా కనీసం 5 లక్షల ఆరోగ్య బీమా తీసుకోండి. కొత్త పాలసీలో మామూలు జబ్బులకు 30 రోజుల నిరీక్షణ ఉంటుంది గానీ ప్రమాదాలకు ఉండదు, కాలిన గాయాలకు మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. లోతుగా కాలితే చర్మం అతికించే ఆపరేషన్లు, వారాల తరబడి ఆస్పత్రి. 40,000 ఎఫ్‌డీ ఒక్క రోజు కూడా ఆగదు. సాయానికి వచ్చే ఇద్దరికీ బ్యాంకు ఖాతాలో ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందో లేదో చూడండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు. ఆ ఇరవై రూపాయలు మీరే కట్టండి. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ 10 లక్షల వరకు ఉంది. మీ దగ్గర పనిచేస్తూ ఎవరికైనా ఒళ్లు కాలితే ఆ బాధ్యత మీదే. దానికి కూడా బీమా ఉంటుంది, ఏజెంటును అడగండి.

అత్యవసర నిధి లేకపోవడమే మిమ్మల్ని కార్డు దాకా తీసుకెళ్లింది. మీకు నెలకు ఇంటికి, ఈఎంఐకి కలిపి 45,500 కావాలి. ఆరు నెలలకు 2,73,000. ఒక్కసారిగా రాదు, నాకు తెలుసు. కొత్త అప్పు లేకపోతే నెలకు 12,000 మిగులుతుంది. బీమా ప్రీమియంలు పోను ఆ మిగిలింది వేరే ఖాతాలో వేయండి. ఇప్పుడున్న 40,000తో కలిపి ఏడాదిలోపే మూడు నెలల ఖర్చు చేరుతుంది. అక్కడికి చేరేదాకా షెడ్డు మాట ఎత్తొద్దు. చిట్టీ రిజిస్టర్ అయినదైతే కొనసాగించండి, కానీ షెడ్డు కోసం తొందరపడి పెద్ద తగ్గింపుతో పాట పాడొద్దు. చిట్టీ డబ్బు కూడా ఈ నిధికే. కార్డు ఈఎంఐ ఒక్క నెల తప్పినా వడ్డీ ఏడాదికి 40 శాతం దాకా పోతుంది. ఆటో డెబిట్ పెట్టండి.

బంగారం జోలికి వెళ్లొద్దు. వడ్డీ పర్సనల్ లోన్ కంటే తక్కువే, ఒప్పుకుంటాను. కానీ నిధి తయారయ్యేదాకా మీ ఇంటికి మిగిలిన చివరి ఆధారం ఆ ఆరు తులాలే.

బీమా, మూడు నెలల నిధి చేతిలో ఉన్నాక విస్తరణ తప్పకుండా చేయండి. మీ పనికి గిరాకీ ఉంది, కష్టపడుతున్నారు, ఎదగాలి. అప్పుడు చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ పథకం కింద బ్యాంకులు ఇచ్చే ముద్ర కిశోర్ రుణం కింద 5 లక్షల వరకు తాకట్టు లేకుండా అడగవచ్చు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) ఉచితం, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నమోదు, మున్సిపల్ ట్రేడ్ లైసెన్స్ కూడా ఇప్పుడే మొదలుపెట్టండి, బ్యాంకు అవి అడుగుతుంది. నాలుగు పొయ్యిలు కాదు, మొదట రెండు. డాబా మీద మాత్రం వద్దు. స్లాబు మీద నేరుగా మంట పెడితే కాంక్రీటు పగులుతుంది, లోపలి ఇనుము బలం పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలి లేస్తే నిప్పురవ్వలు పక్క డాబా మీద ఆరేసిన బట్టల దాకా పోతాయి. పక్కింటి నష్టం మీ పాలసీ కట్టదు. వెనకాల నేల మీదే ఇటుక, మట్టితో కట్టించి, ఎత్తైన గొట్టం, పైన రేకులు వేయించండి. మేస్త్రీతో లెక్క వేయించండి, మీరు చెప్పిన దాంట్లో సగానికే అవుతుందని నా అంచనా.