సర్వర్ గది ఉత్తరాలు: రూట్ ఇవ్వరట, కంటైనర్ నడపాలట

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే చోట తిరిగాయి. లైనక్స్ సర్వర్ మీద ఎకౌంట్ ఉంది, అడ్మిన్ హక్కులు, అంటే రూట్, లేవు, కంటైనర్లు (ప్రోగ్రాముని దానికి కావలసినవన్నీ కలిపి విడిగా నడిపే డబ్బాలు) మాత్రం నడపాలి. అందుకే మిగతా ప్రశ్నల్ని వచ్చే నెలకి వాయిదా వేసి వీటినే తీసుకున్నాను. కమాండ్లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. కొట్టేటప్పుడు ఇంగ్లీషులోనే కొట్టండి, స్పెల్లింగులు మీకు తెలిసినవే.

ప్రశ్న: మా కాలేజీ ల్యాబ్ సర్వర్‌లో ప్రాజెక్టు కోసం పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, దానితో మాట్లాడే ఒక పైథాన్ సర్వీసు కంటైనర్లలో నడపాలి. డాకర్ గ్రూపులో నన్ను కలపమని ల్యాబ్ ఇన్‌ఛార్జి సార్‌ని అడిగితే, "అది రూట్ ఇచ్చినట్టే, కుదరదు" అన్నారు. గ్రూపులో కలపడానికీ రూట్‌కీ ఏం సంబంధమండీ? ఆయన్ని ఎలా ఒప్పించాలో చెప్పండి.
— ఎంటెక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: ఒప్పించకండి. సార్ చెప్పింది నిజం. ఆ కుర్చీలో కూర్చున్న రోజుల్లో నేనూ అదే మాట చెప్పి చాలామంది దగ్గర చెడ్డపేరు తెచ్చుకున్నాను.

డాకర్‌ని మామూలు పద్ధతిలో ఇన్‌స్టాల్ చేస్తే వెనకాల డాకర్‌డీ అనే సర్వీసు రూట్‌గా నడుస్తూ ఉంటుంది. మీరు కొట్టే డాకర్ కమాండ్ సొంతంగా చేసేది తక్కువ, ఒక సాకెట్ ద్వారా ఆ సర్వీసుకి పని పురమాయిస్తుంది. డాకర్ గ్రూపులో ఉండటమంటే ఆ సాకెట్‌తో మాట్లాడే హక్కు ఉండటం. ఇప్పుడు చూడండి. సర్వర్ డిస్కు మొత్తాన్ని, అంటే స్లాష్‌నే, కంటైనర్‌లో ఒక ఫోల్డర్‌గా మౌంట్ చేయమని ఒక్క లైనులో చెప్పొచ్చు. లోపల మీరు రూట్. అందరి పాస్‌వర్డ్ హ్యాష్‌లు దాచే షాడో ఫైలు మీ ముందు తెరిచి ఉంటుంది, మార్చుకోవచ్చు కూడా. ఎవరూ పాస్‌వర్డ్ అడగరు. ఈ సంగతి డాకర్ వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరికగా ఉంది. సుడో (రూట్‌గా కమాండ్లు నడిపే హక్కు) ఇవ్వాలంటే ముగ్గురి సంతకాలు కావాలనే ఆఫీసుల్లో కూడా డాకర్ గ్రూపులోకి మాత్రం అడిగినవాళ్లందర్నీ కలిపేస్తుంటారు. ఏం ధైర్యమో!

మీరు అడగాల్సింది పాడ్‌మ్యాన్, డాకర్ లాగే కంటైనర్లు నడిపే ప్రోగ్రాము. దానికి వెనకాల రూట్ సర్వీసు అంటూ లేదు. మీరు కమాండ్ కొడితే మీ పేరు మీదే, మీ ప్రాసెస్‌గానే కంటైనర్ నడుస్తుంది. డాకర్‌లో కూడా రూట్‌లెస్, అంటే రూట్ లేకుండా నడిపే, పద్ధతి ఉంది. 2019లో 19.03 వెర్షన్‌లో ప్రయోగంగా వచ్చి, 2020 చివర్లో 20.10తో స్థిరపడింది. ఇద్దరు ముగ్గురు వాడే ల్యాబ్ సర్వర్‌కైనా, రెండొందల మంది వాడేదానికైనా నా ఓటు పాడ్‌మ్యాన్‌కే. ఒక్కొక్కరికీ విడిగా డీమన్ (వెనకాల నడిచే సర్వీసు) నడిపే తలనొప్పి ఉండదు.

"మరి లోపలికి వెళ్తే నేను రూట్ అనే చూపిస్తుందే" అని మీకు రేపో మాపో అనుమానం వస్తుంది. ఇదంతా యూజర్ నేమ్‌స్పేస్ చేసే పని. 2013లో వచ్చిన లైనక్స్ 3.8 కెర్నెల్ నుంచి మామూలు యూజర్ కూడా దాన్ని సృష్టించుకోవచ్చు. కెర్నెల్‌కి, అంటే లైనక్స్ గుండెకాయకి, మనుషుల పేర్లతో పని లేదు, నంబర్లే (యూఐడీలే) కావాలి. ఆ నంబర్లకి లోపల ఒక విలువ, బయట ఇంకో విలువ ఉండేలా ఒక పట్టిక పెట్టుకుంటుంది. పాడ్‌మ్యాన్ ఉన్న మెషీన్ మీద ఇది కొట్టి చూడండి: పాడ్‌మ్యాన్ అన్‌షేర్ క్యాట్, తర్వాత ప్రాక్ కింద సెల్ఫ్ కింద యూఐడీ మ్యాప్. రెండే లైన్లు వస్తాయి. మీ యూజర్ నంబరు 1007 అనుకుంటే మొదటి లైనులో 0, 1007, 1. రెండో లైనులో 1, 100000, 65536. లోపలి 0, అంటే రూట్, బయట 1007, అంటే మీరే. లోపలి 1 బయట 100000. అక్కణ్నుంచి వరసగా 65536 నంబర్లు. పద్యనాటకంలో దుర్యోధనుడు మయసభలో ఎంత గర్జించినా, తెర దిగాక సైకిలెక్కి ఇంటికెళ్లే మన ఊరి మనిషే కదా. లోపలి రూట్ అంతే. షాడో ఫైలుని మౌంట్ చేసుకున్నా చదవలేడు, ఎందుకంటే బయట 1007కి ఆ హక్కు లేదు.

100000 నుంచి మొదలయ్యే ఆ నంబర్లు మీకు ఎవరో కేటాయించాలి. ఈటీసీ ఫోల్డర్‌లో సబ్‌యూఐడీ, సబ్‌జీఐడీ అని రెండు ఫైళ్లుంటాయి. ఒక్కొక్క దాంట్లో మీ యూజర్ పేరు, కోలన్, 100000, కోలన్, 65536 అని ఒక లైను. సార్ సర్వర్‌లోనే యూజర్‌యాడ్‌తో మీ ఎకౌంట్ తీసి ఉంటే ఈ లైన్లు సాధారణంగా వాటంతటవే పడతాయి. కాలేజీ అంతటికీ ఎల్‌డాప్‌లో, అంటే ఒకే ఉమ్మడి జాబితాలో, ఎకౌంట్లు ఉంటే మాత్రం పడవు. పాడ్‌మ్యాన్ ఇమేజ్ (కంటైనర్‌కి మూలమైన ఫైళ్ల మూట) దించుతూ దించుతూ చివర్లో, నేమ్‌స్పేస్‌లో యూఐడీలు చాలవని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఉన్న డిస్కు ఖాళీ చేసీ నెట్ మార్చీ టెన్షన్ పడకండి, లోపం ఈ లైనులో ఉంది.

కాబట్టి సార్ దగ్గరికి వెళ్లి ఇలా అడగండి: పాడ్‌మ్యాన్, యూఐడీమ్యాప్ అనే రెండు ప్యాకేజీలు, ఆ రెండు ఫైళ్లలో నా పేరు మీద చెరో లైను. అంతే. వేరే స్టూడెంట్‌కి ఇచ్చిన నంబర్లు మీకూ ఇవ్వకుండా చూడమనండి. నంబర్లు ఒకటే అయితే ఒకరి కంటైనర్ ఫైళ్ల మీద ఇంకొకరి కంటైనర్‌కి హక్కు వచ్చేస్తుంది. లైను పడ్డాక మీరు పాడ్‌మ్యాన్ సిస్టమ్ మైగ్రేట్ అని ఒకసారి కొట్టండి. సార్‌కి అనుమానమొస్తే ఒక నిజం దాచకుండా చెప్పండి. ఈ పట్టికని రాసే న్యూయూఐడీమ్యాప్ అనే చిన్న ప్రోగ్రాముకి మాత్రం ప్రత్యేక హక్కు ఉంటుంది. అది ఆ ఫైలు చూసి, మీకు రాసిపెట్టిన నంబర్లే ఇస్తుంది.

ప్రశ్న: పాడ్‌మ్యాన్‌లో పోస్ట్‌గ్రెస్ నడిపి, డేటా కోసం నా హోమ్‌లోని ఒక ఫోల్డర్ ఇచ్చాను. పని అయిపోయాక తీసేద్దామంటే పర్మిషన్ డినైడ్. ఎల్ఎస్ కొడితే ఓనర్ దగ్గర పేరు లేదు, 100998 అని ఉంది. ఎవరండీ ఈ 100998? హ్యాక్ అయిందా?
— హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: హ్యాక్ కాదమ్మా, లెక్క. డెబియన్ ఆధారంగా చేసిన పోస్ట్‌గ్రెస్ ఇమేజ్‌లో పోస్ట్‌గ్రెస్ యూజర్ నంబరు 999. లోపలి 1 బయట 100000 అయినప్పుడు లోపలి 999 బయట 100998 అవుతుంది. ఆ ఇమేజ్ మొదట రూట్‌గా లేచి, డేటా ఫోల్డర్‌ని పోస్ట్‌గ్రెస్ పేరు మీదకి మార్చి, ఆ తర్వాత తనూ పోస్ట్‌గ్రెస్‌గా మారిపోతుంది. మీరిచ్చిన ఫోల్డర్‌కి కొత్త ఓనర్ అలా వచ్చాడు. ఆల్పైన్ ఇమేజ్ వాడి ఉంటే అక్కడ నంబరు 70 కాబట్టి 100069 కనిపించేది.

తీసేయాలంటే అడ్మిన్‌ని పిలవక్కర్లేదు. పాడ్‌మ్యాన్ అన్‌షేర్ అని ముందు పెట్టి, తర్వాత మామూలుగా ఆర్‌ఎం హైఫన్ ఆర్‌ఎఫ్, ఫోల్డర్ పేరు. అన్‌షేర్ మిమ్మల్ని అదే పట్టిక ఉన్న నేమ్‌స్పేస్‌లోకి తీసుకెళ్తుంది, అక్కడ మీరు రూట్, ఆ 65536 నంబర్ల ఫైళ్లన్నీ మీ మాట వింటాయి. ఓనర్‌గా మళ్లీ మీరే ఉండాలనుకుంటే అన్‌షేర్‌తోనే చౌన్ (ఓనర్ మార్చే కమాండ్) చేసి ఓనర్‌గా 0 పెట్టండి. లోపలి 0 అంటే బయట మీరే కదా.

777, అంటే అందరికీ అన్ని హక్కులూ, పెట్టించుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. పోస్ట్‌గ్రెస్ తన డేటా ఫోల్డర్‌కి 0700 గానీ 0750 గానీ ఉంటేనే లేస్తుంది. మీ కోడ్ ఉన్న ఫోల్డర్‌ని మౌంట్ చేసి, ఫైళ్లు లోపలా బయటా మీ పేరు మీదే ఉండాలంటే యూజర్‌ఎన్ఎస్ ఈక్వల్ కీప్ ఐడీ అనే ఆప్షన్ ఉంది. డేటాబేస్ లాంటి వాటికి ఫోల్డర్ ఇవ్వకుండా పాడ్‌మ్యాన్ వాల్యూమ్ (పాడ్‌మ్యాన్ తనే చూసుకునే నిల్వ) వాడితే ఈ గొడవ మీ కంటికే కనబడదు. ఫెడోరా, రెడ్‌హ్యాట్ అయితే ఎస్‌ఈలైనక్స్ (ఫైళ్లకి లేబుళ్లు పెట్టి కాపలా కాసే ఏర్పాటు) కోసం మౌంట్ చివర కోలన్, పెద్ద జెడ్ పెట్టాలి. పొరపాటున హోమ్ మొత్తాన్ని మౌంట్ చేసి ఆ జెడ్ తగిలించారో, హోమ్‌లోని ప్రతి ఫైలు లేబులూ మారిపోతుంది. తర్వాత ఎస్‌ఎస్‌హెచ్ కీ పని చేయట్లేదని మళ్లీ నాకే ఉత్తరం రాస్తారు.

ప్రశ్న: డాకర్ కమాండ్లన్నీ వదిలేసి కొత్తవి నేర్చుకోవాలా?
— నెల్లూరు

జవాబు: అక్కర్లేదు. డాకర్ అని కొట్టే చోట పాడ్‌మ్యాన్ అని కొట్టండి, చాలావరకు నడుస్తుంది. ఇమేజ్ పేరు మాత్రం ముందు డాకర్ డాట్ ఐఓ తగిలించి పూర్తిగా రాయండి. పొట్టి పేరు రాస్తే ఏ రిజిస్ట్రీ (ఇమేజ్‌లు దాచే సర్వర్) నుంచి తేవాలని కొన్ని చోట్ల అడుగుతుంది, స్క్రిప్టులో ఉంటే అక్కడే చచ్చిపోతుంది.

ప్రశ్న: మా చిన్న కంపెనీ వెబ్‌సైట్‌ని అద్దె సర్వర్‌లో మామూలు యూజర్‌గా పాడ్‌మ్యాన్‌లో పెట్టాను. మూడు కష్టాలు. 80 పోర్టు ఇవ్వనంటుంది. నేను లాగౌట్ అయితే సైట్ పడిపోతుంది. లాగ్‌లో వచ్చినవాళ్లందరి ఐపీ అడ్రసూ ఒకటే, 10.0.2.100.
— విజయవాడ

జవాబు: పోర్టు సంగతి ముందు. 1024 కంటే తక్కువ పోర్టులు మామూలు యూజర్‌కి దక్కవు, ఇది పాత యూనిక్స్ ఆచారం. సిస్‌సీటీఎల్‌లో (కెర్నెల్ సెట్టింగులు మార్చే కమాండ్) ఐపీ అన్‌ప్రివిలేజ్డ్ పోర్ట్ స్టార్ట్ అనే విలువని 80కి దించితే దొరుకుతాయి, కానీ ఆ సర్వర్‌లోని ప్రతి యూజర్‌కీ దొరుకుతాయి. మీరొక్కరే ఉన్న అద్దె సర్వర్ కాబట్టి దించుకోండి, ఫరవాలేదు. పదిమంది ఉండే చోటైతే కంటైనర్‌ని 8080 మీద ఉంచి, ముందు ఒక ఎన్‌జిన్ఎక్స్ (80 దగ్గర వచ్చినవాళ్లని లోపలికి పంపే వెబ్ సర్వర్) పెట్టడమే నాకు ఇష్టం.

లాగౌట్ అవగానే పడిపోవడం పాడ్‌మ్యాన్ తప్పు కాదు. మీ చివరి సెషన్ ముగియగానే సిస్టమ్‌డీ (సర్వర్‌లో సర్వీసుల్ని లేపి చూసుకునే ప్రోగ్రాము) మీ ప్రాసెస్‌లన్నిటినీ ఊడ్చేస్తుంది. లాగిన్‌సీటీఎల్ ఎనేబుల్ లింగర్ అని ఒక్కసారి కొడితే మీరు లేకపోయినా మీ సర్వీసులు బతుకుతాయి, సర్వర్ రీబూట్ అయినా లేస్తాయి. కాకపోతే లేపేవాడు ఒకడు ఉండాలి. పాడ్‌మ్యాన్ 4.4 నుంచి ఆ పనికి క్వాడ్‌లెట్ ఉంది. హోమ్‌లో డాట్ కాన్ఫిగ్, కంటైనర్స్, సిస్టమ్‌డీ ఫోల్డర్‌లో డాట్ కంటైనర్ అనే ఎక్స్‌టెన్షన్‌తో చిన్న ఫైలు రాసి, ఇమేజ్ పేరు, పోర్టు అందులో పెట్టి, డీమన్ రీలోడ్ చేస్తే సిస్టమ్‌డీ సర్వీసు దానంతటదే తయారవుతుంది. దీన్ని సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ చేయబోతే ఒప్పుకోదు, కంగారుపడకండి. ఫైల్లోనే ఇన్‌స్టాల్ సెక్షన్ కింద వాంటెడ్‌బై దగ్గర డిఫాల్ట్ డాట్ టార్గెట్ రాస్తే చాలు.

ఇంకో మాట. రూట్‌గా లాగిన్ అయి ఎస్‌యూతో ఈ యూజర్‌లోకి మారి ఇవన్నీ కొడితే బస్‌తో కనెక్ట్ కాలేకపోయానని ఏడుస్తుంది. ఆ యూజర్‌గానే నేరుగా ఎస్‌ఎస్‌హెచ్ చేయండి.

ఐపీ అడ్రస్ విషయం: మీది పాత పాడ్‌మ్యాన్ అయి ఉంటుంది. నెట్‌వర్క్ కార్డు ముట్టుకునే హక్కు మీకు లేదు కాబట్టి మధ్యలో స్లర్ప్‌ఫోర్‌నెట్ఎన్ఎస్ అనే ప్రోగ్రాము కంటైనర్‌కి నెట్ అందిస్తుంది, పోర్టు దగ్గర అసలు అడ్రస్ పోతుంది. 2024 మార్చిలో వచ్చిన 5.0 నుంచి పాడ్‌మ్యాన్ దాని బదులు పాస్టా అనే ఇంకో ప్రోగ్రాము వాడుతోంది, అందులో అసలు అడ్రస్ నిలుస్తుంది.

ప్రశ్న: మామూలు యూజర్లకి యూజర్ నేమ్‌స్పేస్ ఇవ్వడమే పెద్ద రిస్క్ అని మా సెక్యూరిటీ టీమ్ అంటోంది. ఉబుంటు 24.04 దాన్ని అడ్డుకుంటోందట. మీరేమో రూట్‌లెస్ మంచిదంటారు. ఎవరి మాట నమ్మాలి?
— బెంగళూరులో పనిచేసే కర్నూలు పాఠకుడు

జవాబు: మీ టీమ్ మాట నిజమే. నేమ్‌స్పేస్‌లో రూట్ అయ్యాక, మామూలు యూజర్‌కి అందని కెర్నెల్ కోడ్ చాలా అందుబాటులోకి వస్తుంది. 2022లో బయటపడ్డ, సీవీఈ అనే లోపాల జాబితాలో 2022-0185 నంబరున్న కెర్నెల్ లోపాన్ని మామూలు యూజర్ అలాగే వాడుకోగలిగేవాడు. రెండో వైపు చూడండి. 2019లో, కంటైనర్లని లేపే రన్‌సీ అనే ప్రోగ్రాములో దొరికిన సీవీఈ 2019-5736 లోపంతో కంటైనర్‌లోని రూట్ బయటి రన్‌సీ ప్రోగ్రామునే మార్చేసి సర్వర్ మొత్తాన్ని పట్టుకోగలిగేవాడు. రూట్‌లెస్‌లో ఆ ఎత్తు పారదు, రన్‌సీ ఫైలు మీద రాసే హక్కు బయట మీకు లేదు.

కంటైనర్లు అసలు వాడని మెషీన్లలో నేమ్‌స్పేస్‌లు ఆపేయండి, నాకు అభ్యంతరం లేదు. వాడక తప్పని చోట మాత్రం డాకర్ గ్రూపు కంటే రూట్‌లెస్ వంద రెట్లు నయం, ఇందులో నేను రాజీపడను. ఉబుంటు 24.04 పూర్తిగా మూసేయలేదు కూడా. యాప్‌ఆర్మర్ (ఏ ప్రోగ్రాము ఏం చేయొచ్చో నియంత్రించే ఏర్పాటు) ప్రొఫైల్ ఉన్న ప్రోగ్రాములకి దారి ఇస్తుంది. ఉబుంటు ప్యాకేజీగా, ఆప్ట్‌తో వేసిన పాడ్‌మ్యాన్ మామూలుగా నడుస్తుంది. హోమ్‌లో సొంతంగా దించుకున్న బైనరీ అయితే ఆగిపోతుంది, దానికి ప్రొఫైల్ రాయించుకోవాలి.

ప్రశ్న: జర్మనీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. యూనివర్సిటీ క్లస్టర్‌లో పాడ్‌మ్యాన్ ఉంది కానీ ఇమేజ్ విప్పేటప్పుడు ఓనర్ మార్చలేనని ఆగిపోతోంది. సబ్‌యూఐడీ లైను ఉంది, చూశాను. హోమ్ ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ డిస్కు) మీద ఉంది.
— ఆఖెన్

జవాబు: ఆఖరి వాక్యంలోనే జవాబు ఉంది. మీ నంబర్ల పట్టిక మీ మెషీన్ కెర్నెల్‌కి తెలుసు, దూరాన ఉన్న ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌కి తెలియదు. 1007 వచ్చి ఈ ఫైలుని 100998 పేరు మీద రాయమంటే అది కుదరదంటుంది. హోమ్‌లోని డాట్ కాన్ఫిగ్, కంటైనర్స్ కింద స్టోరేజ్ డాట్ కాన్ఫ్ ఫైల్లో గ్రాఫ్‌రూట్‌ని (ఇమేజ్‌లు పెట్టే చోటు) ఆ మెషీన్ లోకల్ డిస్కుకి మార్చండి, నడుస్తుంది.

కానీ జాబ్ ఏ మెషీన్ మీద పడుతుందో ముందు తెలియని క్లస్టర్‌లో ప్రతిసారీ ఇమేజ్ మళ్లీ దించడం ఎందుకు? అప్టెయినర్ అనే ఇంకో కంటైనర్ ప్రోగ్రాము ఉందేమో కనుక్కోండి. 2015లో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో సింగ్యులారిటీగా మొదలై, 2021లో లైనక్స్ ఫౌండేషన్‌కి వెళ్తూ పేరు మార్చుకుంది. అందులో ఇమేజ్ మొత్తం ఒకే సిఫ్ ఫైలు, ఎన్‌ఎఫ్‌ఎస్ మీద హాయిగా ఉంటుంది. లోపల మీరు బయట ఎవరో వాళ్లే, రూట్ వేషం ఉండదు. డాకర్ ఇమేజ్‌ని నేరుగా దానిలోకి మార్చుకోవచ్చు. ఎన్‌విడియా జీపీయూ కావాలంటే హైఫన్ హైఫన్ ఎన్‌వీ అంటే చాలు. పోస్ట్‌గ్రెస్ లాంటి సర్వీసులకి పాడ్‌మ్యాన్, లెక్కలు గంటల తరబడి నడిపే జాబ్‌లకి అప్టెయినర్ అని నేను పంచుకుంటాను. అప్టెయినర్ క్యాష్ కూడా మామూలుగా హోమ్‌లోనే పడుతుంది, రెండు పెద్ద ఇమేజ్‌లకే కోటా నిండిపోవచ్చు. అప్టెయినర్ క్యాష్‌డిర్ అనే వేరియబుల్‌ని స్క్రాచ్ (తాత్కాలిక ఫైళ్ల) ఫోల్డర్‌కి మార్చి, ఆ తర్వాతే బిల్డ్ మొదలుపెట్టండి.