బీపీ అంకె చూసి తొందరపడకు

చిరంజీవి సౌమ్యకు,

పెదనాన్న ఆశీస్సులు. పీహెచ్‌సీలో చేరిన కొత్తలో నిన్ను ఎక్కువగా కంగారుపెట్టేది బీపీ మెషీనే. 200/110 కనపడగానే పేషెంటు వెంట వచ్చినవాళ్లు "డాక్టరమ్మా, ఏదైనా ఇంజెక్షన్ వేసి దించండి" అని పట్టుబడతారు. ఒప్పుకోకు. ముందు మనిషిని చూడు. గుండెనొప్పి, ఆయాసం, చూపు మసక, ఫిట్స్, కాలూ చెయ్యీ పడిపోవడం ఉంటే అది వేరే కథ, వెంటనే పెద్దాసుపత్రికి పంపు. ఇవేవీ లేకపోతే కాసేపు కూర్చోబెట్టి మళ్లీ కొలువు. చాలామంది మాత్రలు మానేసి వచ్చినవాళ్లే. అవే మళ్లీ మొదలుపెట్టించు. రోజుల్లోనో వారాల్లోనో తగ్గితే చాలు.

ఇలా మెల్లగా దించడం ఎందుకో ఫిజియాలజీలో చదివావు, పరీక్ష అయ్యాక అందరం మరిచిపోతాం. మెదడు బరువు ఒంట్లో నూటికి 2 వంతులే. గుండె పంపే రక్తంలో మాత్రం దాదాపు 15 శాతం, నిమిషానికి ముప్పావు లీటరు, దానికే పోతుంది. బీపీ కాస్త అటూ ఇటూ అయినా ఆ వాటా పెద్దగా మారదు. చెరువు నిండితే తూము బిగించి, తగ్గితే వదిలే నీరటికాడిలా మెదడులోని సన్న ధమనులు ముడుచుకుంటూ, వదులవుతూ సర్దుకుంటాయి. సగటు పీడనం (బీపీ పై, కింది అంకెల నుంచి లెక్కగట్టేది) సుమారు 60 నుంచి 150 దాకా ఇలా నడుస్తుందని పుస్తకాల్లో ఉంటుంది.

ఏళ్ల తరబడి బీపీ ఉన్నవాళ్లలో ఈ హద్దులు పైకి జరుగుతాయి. మనకు నార్మల్ అనిపించే అంకెకు ఒక్కసారిగా దించితే వాళ్ల మెదడుకు రక్తం చాలకపోవచ్చు. మా రోజుల్లో నిఫెడిపిన్ అనే బీపీ మందు క్యాప్సూల్ చిదిమి నాలుక కింద వేయడం మామూలు. అంకె చకచకా దిగేది, అందరికీ తృప్తి. దాంతో కొందరికి పక్షవాతం, గుండెపోటు వచ్చాయని తర్వాత తేలింది. ఇప్పటికీ ఎవరైనా ఆ సలహా ఇస్తే వినకు.

పక్షవాతం కేసులో మరీ జాగ్రత్త. రక్తపు గడ్డ అడ్డుపడిన చోటి చుట్టూ ఆ సర్దుబాటు దెబ్బతింటుంది, రక్తం అందడం పీడనం మీదే ఆధారపడుతుంది. గడ్డ కరిగించే మందు ఇవ్వాలంటే 185/110 కిందికి తెస్తారు, ఇవ్వకపోతే సాధారణంగా 220/120 దాకా ముట్టుకోరు. స్కాన్ కాకుండా ఆ లెక్క తేలదు కాబట్టి నువ్వు దించకు. షుగర్ చూసి, లక్షణాలు ఎన్నింటికి మొదలయ్యాయో చీటీలో రాసి, 108లో ఎక్కించు.

ముసలివాళ్లకు నిలబెట్టి కూడా బీపీ కొలువు, 1 నిమిషానికి, 3 నిమిషాలకు. పై అంకె 20 పడిపోతే వాళ్ల మాత్రల సంచీ మొత్తం బల్ల మీద కుమ్మరించమను. ప్రోస్టేట్‌కని వాడే మాత్రలు కూడా నిలబడగానే బీపీ పడిపోయేలా చేస్తాయి.

మీ పెదనాన్న