సియాటిల్ సోనిక్స్, ఓక్లహోమా సిటీ థండర్: ఒకే జట్టా, రెండు జట్లా?

ఓక్లహోమా సిటీ థండర్ 2025లో గెలిచినది ఆ జట్టుకు మొదటి టైటిలా, రెండోదా అని మీరు అడిగారు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ లెక్కల్లో అది రెండోది, ఎందుకంటే 2008లో ఓక్లహోమా సిటీకి తరలి థండర్‌గా మారిన సియాటిల్ సూపర్‌సోనిక్స్ (సోనిక్స్) 1979లో గెలిచిన టైటిల్ కూడా అదే ఫ్రాంచైజీ ఖాతాలో ఉంది. అయితే 2007-08 సీజన్‌లో సియాటిల్‌లో ఉండి, ఆ జట్టు చేజారిపోవడాన్ని కళ్లారా చూసినవాడిగా నేను మాత్రం మొదటిదనే అంటాను.

సోనిక్స్ 1967లో పుట్టింది. ధ్వనికన్నా వేగంగా ఎగిరే ప్రయాణికుల విమానాన్ని బోయింగ్ అప్పట్లో సియాటిల్‌లో రూపొందిస్తుండడంతో ఆ పేరు పెట్టారు. 1971లో విమానం పథకం రద్దయింది గాని, జట్టు పేరు ఊరికి అతుక్కుపోయింది. 1978 ఫైనల్స్‌లో ఏడో మ్యాచ్ దాకా పోరాడి వాషింగ్టన్ బుల్లెట్స్ చేతిలో ఓడిన సోనిక్స్, మరుసటి ఏడాది లెన్నీ విల్కెన్స్ శిక్షణలోనే అదే బుల్లెట్స్‌ను 4-1తో ఓడించింది. 1996లో గ్యారీ పేటన్, షాన్ కెంప్ ఉన్న జట్టు 64 మ్యాచ్‌లు గెలిచి మళ్లీ ఫైనల్స్ చేరింది. కాని ఎదురుపడింది ఆ సీజన్‌లో 72 మ్యాచ్‌లు గెలిచిన షికాగో బుల్స్. అంత మంచి జట్టుకు అంతకన్నా కష్టమైన ఏడాది దొరకదు.

2006లో అప్పటి యజమాని హోవర్డ్ షుల్ట్జ్ బృందం ఈ జట్టును 35 కోట్ల డాలర్లకు క్లే బెనెట్ నాయకత్వంలోని ఓక్లహోమా పెట్టుబడిదారులకు అమ్మింది. 1962 నాటి వరల్డ్స్ ఫెయిర్ భవనాన్ని 1995లో పునర్నిర్మించిన కీఅరీనా తమకు చాలదని, ప్రజాధనంతో కొత్త అరీనా కట్టించాలని వారు కోరారు. అందుకు ఒప్పుదల దొరకలేదు. కత్రినా తుపాను తర్వాత న్యూ ఓర్లీన్స్ హార్నెట్స్‌కు రెండు సీజన్లు ఆశ్రయమిచ్చిన ఓక్లహోమా సిటీ, ఎన్‌బీఏ జట్టును ఆదరించగలనని అప్పటికే చూపించింది.

2008 ఏప్రిల్ 13న డాలస్ మావెరిక్స్‌తో సోనిక్స్ సొంతగడ్డపై ఆడిన చివరి మ్యాచ్‌కు నేను వెళ్లాను. ‘సేవ్ అవర్ సోనిక్స్’ అంటూ గ్యాలరీలన్నీ హోరెత్తుతుంటే, పందొమ్మిదేళ్ల సోనిక్స్ ఆటగాడు కెవిన్ డ్యూరాంట్ రెండు చేతులూ పైకి ఊపుతూ ఇంకా గట్టిగా అరవమని మమ్మల్ని ప్రోత్సహించాడు. 99-95తో గెలిచాం. మ్యాచ్ ముగిశాక నా పక్క సీటు పెద్దాయన తన పాత ఆకుపచ్చ కండువాను మడత పెట్టడం, విప్పడం, మళ్లీ మడత పెట్టడం తప్ప లేచే ప్రయత్నమే చేయలేదు. ఆయనతో ఏం మాట్లాడాలో తెలియక నేనూ కూర్చుండిపోయాను.

కీఅరీనా లీజు 2010 దాకా ఉన్నా కొత్త యజమానులు జట్టును ముందే తరలించబోతున్నందున సియాటిల్ నగరపాలక సంస్థ కోర్టుకెక్కింది. 2008 జులై 2న 4.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. మీ ప్రశ్నకు అసలు ఆధారం ఈ రాజీలోనే ఉంది. ఆటగాళ్లూ ఫ్రాంచైజీ హక్కూ ఓక్లహోమాకు వెళ్లగా, సోనిక్స్ పేరు, రంగులు, చిహ్నం సియాటిల్ కోసం ఉండిపోయాయి. చరిత్రను మాత్రం థండర్‌కూ, భవిష్యత్తులో సియాటిల్‌కు రాగల జట్టుకూ ఉమ్మడిగా ఉంచారు. పేరునూ రంగులనూ వదిలి వెళ్లిన జట్టు ఆ పేరుతో గెలిచిన టైటిల్‌ను తనదిగా చెప్పుకోవడం నాకు న్యాయంగా తోచదు. థండర్ కూడా 1979 బ్యానర్‌ను తన అరీనాలో వేలాడదీయలేదు.