ఎత్తు మడిలో బఠాణీ తీగ ఏపుగా ఉంది, పూతే లేదు: ఎందుకు?

మీ ఎత్తు మడిలో బఠాణీ ఛాతీ దాకా పాకిందని, ఆకు ముదురు రంగులో నిగనిగలాడుతోందని, విత్తి రెండు నెలలు దాటినా పూత జాడ లేదని రాశారు. మడిని సగం మట్టి, సగం పశువుల ఎరువుతో నింపానని కూడా అన్నారు. నాకు జవాబు ఆ చివరి మాటలోనే కనిపిస్తోందండీ. మొదటి ఏడాది నేనూ అచ్చం అలాగే నింపాను.

వంగకీ టమాటాకీ ఎరువు ఎక్కువే కావాలి. బఠాణీ తత్వం వేరు. దాని వేళ్ల మీద రైజోబియం అనే బాక్టీరియా బుడిపెలు కట్టుకుని ఉంటుంది. గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చి ఇస్తుంది, బదులుగా మొక్క దానికి చక్కెరలు ఇస్తుంది. మట్టిలోనే నత్రజని దండిగా దొరికితే మొక్కకు ఆ ఇచ్చిపుచ్చుకోవడాలతో పనుండదు. బుడిపెలు సరిగా కట్టవు, బలమంతా ఆకుకీ తీగకీ పోతుంది, పూత వెనకబడుతుంది. అనుమానం తీరాలంటే ఒక మొక్కను చుట్టూ తవ్వి, వేళ్లు తెగకుండా తీసి చూడండి. బుడిపెను గోటితో చీల్చినప్పుడు లోపల గులాబీ రంగు ఉంటే అది పనిచేస్తున్నట్టే. నా మొక్కకు మొత్తం కలిపి నాలుగో ఐదో బుడిపెలున్నాయి, అవీ లోపల తెల్లగానే.

తేనెటీగలు రాకే ఇలా అయిందని ఎవరో చెప్పారన్నారు కదా, ఆ దిగులు వదిలేయండి. బఠాణీ పువ్వు విచ్చుకునేలోపే దాదాపుగా తనలో తనే పరాగసంపర్కం చేసుకుంటుంది. ఒక్కటి మాత్రం చూసుకోండి: పొడుగు రకాలు పొట్టి రకాల కంటే ఆలస్యంగా పూస్తాయి. విత్తనాల ప్యాకెట్ మీద ఎన్ని రోజులని ఉందో చదివాకే మొక్కను తప్పుపట్టండి.

ఈ పంటను పీకేయకండి. వర్మీకంపోస్టు, ద్రవ ఎరువులు, యూరియా, ఏవీ ఇక వేయొద్దు. నేను అన్నీ ఆపేశాక ఆలస్యంగానైనా కొంత పూత వచ్చింది. కానీ అప్పటికి ఎండలు ముదిరి చాలా వరకు రాలిపోయింది. పగటి వేడి 30 డిగ్రీల దరిదాపులకు వస్తే బఠాణీ పూత నిలవదు. అందుకే ఇప్పుడు ఎండలు ముదిరే రోజు నుంచి కనీసం మూడు నెలలు వెనక్కి లెక్కపెట్టి విత్తుతున్నాను.

రెండో ఏడాది అదే మడిలో ముందు టమాటా వేసి, ఆ పంట అయ్యాక ఎరువేమీ కలపకుండా బఠాణీ పెట్టాను. తీగ నడుము దాకానే పెరిగింది, కాయ మాత్రం విరగకాసింది. ఆ మట్టిలో ఎప్పుడూ బఠాణీ వేయకపోతే విత్తనానికి రైజోబియం కల్చర్, అంటే ఆ బాక్టీరియానే పెంచి అమ్మేది, పట్టించడం మేలు. అది బఠాణీ కోసం తయారుచేసిందే అయి ఉండాలి, వేరుశనగకో సోయాకో ఇచ్చేది దీనికి పనిచేయదు.

ఎత్తు మడిలో నీళ్లు నిలవవు కాబట్టి విత్తనం కుళ్లే భయం తక్కువ. ఆ సుగుణమే పూత దశలో ఇబ్బంది పెడుతుంది. మడి అంచులు నడిమి కంటే ముందే ఆరిపోతాయి. నా మడి చుట్టూ ఉన్న చెక్కను ఆనుకుని వేసిన వరుసలో పిందెలు ఎండి రాలిపోతుంటే, జానెడు లోపలున్న వరుస నిండుగా కాయడం కళ్లారా చూశాను. ఆనాటి నుంచి అంచున విత్తడం మానేశాను. మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుగడ్డి పరుస్తాను. పూత మొదలయ్యాక రోజూ వేలు గుచ్చి చూసి, రెండు కణుపుల లోతు ఆరితేనే నీళ్లు పోస్తాను.

విత్తడం తేలికే. అంగుళం లోతు, గింజకీ గింజకీ రెండంగుళాల ఎడం, నేరుగా మడిలోనే. నారు పోసి నాటితే వేళ్లు కదిలి మొక్క బెదురుతుంది. ఆసరా మాత్రం విత్తే రోజే కట్టేయండి. నులితీగలు సన్నని వాటినే చుట్టుకోగలవు. నేను లావు కర్రలు పాతితే పట్టు దొరక్క, ఒక గాలివానకు తీగంతా జారి కుప్పయింది. ఆ కర్రల మధ్యే జనపతాడు అల్లితే చక్కగా ఎగబాకింది.

కాయలు పడ్డాక రోజు విడిచి రోజు కోయండి. ముదిరిన కాయలు తీగ మీదే ఉండిపోతే మొక్క కొత్త పూత ఆపేస్తుంది. కోసిన దగ్గర్నుంచి గింజలోని తీపి పిండిగా మారుతూ ఉంటుంది కాబట్టి, వండే ముందు కోస్తే ఆ రుచే వేరు. కాపు అయిపోయాక తీగను మట్టి మట్టానికి కోసి, వేళ్లను లోపలే వదిలేయండి. అవి కుళ్లితే వాటిలోని నత్రజని తర్వాత వేసే ఆకుకూరకు అందుతుంది.

మొక్కను తవ్వి చూశాక బుడిపెలు ఎన్ని ఉన్నాయో, లోపల ఏ రంగులో ఉన్నాయో ఇక్కడే రాయండి. గులాబీ రంగులో బోలెడు కనిపిస్తే నా అంచనా తప్పినట్టు, అప్పుడు మడికి నీడ ఎంతసేపు పడుతుందో చూడాలి.