రామకోవెల భజనకు జనం తగ్గిపోయారు, మళ్ళీ ఎలా రప్పించాలి?

పాతికమంది కూర్చునే భజనకు ఇప్పుడు నలుగురు పెద్దవాళ్ళే మిగిలారు, కుర్రాళ్ళకు భక్తి పోయిందా అని అడిగారు. పోలేదండీ. దసరా తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను జాతర చూడండి, ఇసుక వేస్తే రాలదు. విశాఖకో హైదరాబాదుకో వలసపోయినవాళ్ళ సంగతి వేరు, ఊళ్ళో ఉన్నవాళ్ళూ ఎందుకు రావడం లేదన్నదే చూడాలి.

అదే ఊళ్ళో కోలాటానికి ఆడవాళ్ళు ఎలా పోగవుతున్నారు? కోలాటానికి జత కావాలి. పదహారుమందిలో ఒకరు మానేస్తే ఎదుటి మనిషి కర్రకు తగిలే కర్ర ఉండదు, వరస చెడిపోతుంది. అందుకే ఇంటికెళ్ళి "ఏటే, ఇంకా బయల్దేరలేదేటి?" అని లాక్కొస్తారు. భజనలో ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు అందుకుంటారు. వెనక ఒక గొంతు తగ్గినా పాట ఆగదు కాబట్టి రానివాణ్ణి ఎవరూ అడగరు.

కాబట్టి ముందు పనులు పంచండి. హార్మోనియానికి ఇద్దరు, డోలక్‌కి ఇద్దరు, వారం మార్చి వారం. ఒక్కో చరణం ఒక్కొక్కరు ఎత్తుకోవాలి. కొత్తగా వచ్చినవాడు స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలబడతాడు. మొదటి పాట అయ్యేలోగా చేతికి తాళాలు ఇవ్వకపోతే మర్నాడు రాడు. తెగిన తాళాల తాళ్ళు, గాలి పోతున్న హార్మోనియం తిత్తి ముందే బాగుచేయించండి.

అసలు చిక్కు శ్రుతి, అంటే పాట ఎత్తుకునే స్థాయి. అంకె పెరిగేకొద్దీ గొంతు అంత పైకి పోవాలి. పాతకాలం పెద్దలు నాలుగు, ఐదు శ్రుతిలో ఎత్తుకుంటారు. అలవాటు లేని మగగొంతు చరణం పైకి వెళ్ళేసరికి ఆగిపోతుంది, సిగ్గుపడి ఇక నోరు విప్పదు. ఒకటికో ఒకటిన్నరకో దించండి. ఆడవాళ్ళకు ఐదు, ఐదున్నర హాయి గనక వాళ్ళ పాటలు వేరుగా, వాళ్ళే ముందు కూర్చుని నడిపేలా పెట్టండి. దశాబ్దాలుగా వాళ్ళను ప్రసాదాలకూ ముగ్గులకూ పరిమితం చేసి ఇప్పుడు జనం లేరనడం అన్యాయం.

ఇంకో మాట. తెల్లారకముందే పెన్‌డ్రైవ్ పెట్టి మైకు ఊదరగొట్టడం మానండి. మంచం మీదికే పాట వచ్చేస్తుంటే కోవెల దాకా ఎవరు నడుస్తారు?

సంక్రాంతికి మొదలుపెట్టకండి. వచ్చినవాళ్ళు ముక్కనుమ దాటగానే బస్సెక్కేస్తారు. ఊడుపుల రోజుల్లో అసలే వద్దు. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం వస్తుంది, కోతలు చాలావరకు అయిపోతాయి, నెల రోజులు వరసగా దొరుకుతాయి. రాత్రి ఏడున్నరకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు హారతి ఇచ్చేయండి. పదిదాకా సాగదీస్తే బడిపిల్లల తల్లులు రెండోవారానికే మానేస్తారు.

ఆ నెలంతా చందా అడగొద్దు. తర్వాత వసూలైతే ఎవరెంత ఇచ్చారు, దేనికి ఖర్చయింది అన్నది కోవెల గోడమీద పలకపై ఏ రోజుది ఆ రోజే రాయాలి. రాసేవాడు ఒకడు, డబ్బు దాచేవాడు ఇంకొకడు.