డీబీఏ ఉద్యోగానికి సైబర్ సెక్యూరిటీ కోర్సు కావాలా?

ప్రశ్న: మాది అనంతపురం. బీఎస్సీ కంప్యూటర్స్ అయ్యాక బెంగళూరు వచ్చి, మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉంటూ డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్నాను. మొన్న ఒక ఇంటర్వ్యూలో ‘అప్లికేషన్‌కీ డేటాబేస్ సర్వర్‌కీ మధ్య కనెక్షన్ ఎన్‌క్రిప్ట్ అయిందో లేదో ఎలా చూస్తారు?’ అని అడిగితే తెల్లమొహం వేశాను. అప్పు చేసైనా సైబర్ సెక్యూరిటీ కోర్సులో చేరమంటారా?

జవాబు: వద్దు. మిమ్మల్ని అడిగింది హ్యాకింగ్ గురించి కాదు, డీబీఏ చూసుకోవాల్సిన మామూలు పని గురించే. ఎన్‌క్రిప్ట్ అంటే దారిలో ఎవరూ చదవలేని రూపంలోకి డేటాను మార్చడం. అది నేర్చుకోవడానికి మీ లాప్‌టాప్ చాలు.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఇన్‌స్టాల్ చేసి, ఉత్తుత్తి జీతాల టేబుల్ ఒకటి పెట్టుకోండి. ముందు ఎస్ఎస్ఎల్ (కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి, దాని కొత్త రూపమే టీఎల్ఎస్) మోడ్‌ను ‘డిజేబుల్’లో ఉంచి, లోకల్‌హోస్ట్ (అంటే మీ లాప్‌టాపే) పేరుతో కనెక్ట్ అవ్వండి. పక్కన వైర్‌షార్క్ (నెట్‌వర్క్‌లో వెళ్లే డేటాను చూపించే టూల్) తెరిచి, పోస్ట్‌గ్రెస్ వాడే 5432 పోర్ట్ చూడండి. మీ క్వెరీ, తిరిగొచ్చిన జీతాలు అన్నీ అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తాయి. తర్వాత సొంతంగా ఒక సర్టిఫికెట్ (సర్వర్‌కి గుర్తింపు కార్డు లాంటిది), దాని ప్రైవేట్ కీ తయారుచేసి సర్వర్‌లో ఎస్ఎస్ఎల్ ఆన్ చేయండి. లినక్స్‌లో ఆ కీ ఫైలును అందరూ చదివేలా వదిలేస్తే సర్వర్ లేవనని మొరాయిస్తుంది. టెన్షన్ పడకండి, పర్మిషన్ 600కి (ఫైలు ఓనర్ ఒక్కరే చదివేలా) మార్చితే సరి.

అసలు మెలిక మోడ్‌ల దగ్గర ఉంది. పోస్ట్‌గ్రెస్ క్లయింట్ మామూలుగా ‘ప్రిఫర్’లో ఉంటుంది. అంటే సర్వర్‌లో ఎన్‌క్రిప్షన్ ఉంటే వాడుకుంటుంది, లేకపోతే చడీచప్పుడు లేకుండా అది లేకుండానే కనెక్ట్ అయిపోతుంది. ‘రిక్వైర్’ పెడితే ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి అవుతుంది కానీ, అవతల ఉన్నది మన సర్వరేనా అని పట్టించుకోదు. పెట్టెకు గట్టి తాళం వేసి దొంగ చేతికే ఇచ్చినట్టు! ‘వెరిఫై ఫుల్’ మాత్రం ఆ సర్టిఫికెట్ మనం నమ్మే సీఏ (సర్టిఫికెట్లు జారీచేసే సంస్థ) ఇచ్చిందేనా, అందులోని పేరూ మనం కనెక్ట్ అయ్యే హోస్ట్ పేరూ ఒకటేనా అని చూసి, కాకపోతే అక్కడే ఆపేస్తుంది. ఇంటర్వ్యూ చేసేది నేనైతే ఈ తేడా తప్పకుండా అడుగుతాను.

ఇక మీరు చెప్పలేకపోయిన జవాబు: పోస్ట్‌గ్రెస్‌లోని ‘పీజీ_స్టాట్_ఎస్ఎస్ఎల్’ అనే వ్యూలో (టేబుల్‌లా చూడగలిగే జాబితాలో) ఏ కనెక్షన్ ఎన్‌క్రిప్ట్ అయిందో, ఏ టీఎల్ఎస్ వెర్షన్‌లో నడుస్తోందో వరుసగా కనిపిస్తుంది. అక్కడ 1.2 గానీ 1.3 గానీ ఉండాలి. 1.0, 1.1 వెర్షన్లను ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే సంస్థ ఐఈటీఎఫ్ 2021లోనే పక్కన పెట్టేసింది.

ఇది చేతికొచ్చాక రెజ్యూమేలో ‘సెక్యూరిటీ తెలుసు’ అని రాయకండి. ‘పోస్ట్‌గ్రెస్‌లో టీఎల్ఎస్ సెటప్ చేశాను, గడువు తీరిన సర్టిఫికెట్ మార్చాను’ అని రాయండి. ఆ రెండోదీ ముందు ఒకసారి చేసి చూసుకోండి, ఎలా చేశారని అడుగుతారు.